కొట్టులో డబ్బా, ఇంట్లో డబ్బా

సాయంత్రం పూట ముందుగది గూట్లో ఉన్న నల్లడబ్బా మీద ఆకుపచ్చ దీపాలు చకచకా కొట్టుకోవడం మొదలుపెట్టాయంటే లోవలక్ష్మి లేచి బియ్యం కడిగేది. మండపేటలో కొట్టు కట్టేసే ముందు ఆమె భర్త జోగేశ్వరరావు ఆ రోజు తీసిన పెళ్ళి తాలూకు వీడియోలన్నీ అక్కడి డబ్బాలో వేసేవాడు. అక్కడ వేసినవి నెట్‌లో ప్రయాణం చేసి ఇంట్లో డబ్బాలోకి వాటంతటవే వచ్చేసేవి. వస్తున్నంతసేపూ దీపాలు కొట్టుకునేవి. అంటే ఇంక ఆయన షట్టరు దించి, బండి తీసి, ద్వారపూడి మీదుగా కడియం చేరడానికి ముప్పావుగంట. అన్నం వార్చి కూర దించేసరికి గుమ్మంలో బండి చప్పుడు. బయల్దేరుతున్నానని ఫోన్ చేసి చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఏడేళ్ళపాటు ఆ కబురు డబ్బాయే చెప్పింది.

లోవలక్ష్మిది తుని దగ్గర పల్లె. లోవ తలుపులమ్మకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. చదువు ఐదో తరగతితో ఆగింది. పంతొమ్మిదో ఏట పెళ్ళయి కడియం వచ్చింది. పిల్లలు కలగలేదు. నర్సరీల మధ్య ఐదు సెంట్ల స్థలంలో ఇద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లు, మండపేటలో అద్దెకొట్టులో ఫోటో స్టూడియో, ఇవే వాళ్ళ సంసారం. ఆయన పెళ్ళిళ్ళకి తిరిగేవాడు, ఈమె ఇల్లు చూసుకునేది. కొత్తగా ఆ డబ్బా తెచ్చిన రోజున దాని మీద దుమ్ము పడకుండా చక్కటి క్రోషియా గుడ్డ అల్లి కప్పింది. ఆయన చూసి నవ్వాడు.

"ఏమే లోవా, దానికి ఊపిరాడద్దా?"

అప్పుడే కూర్చోబెట్టి చెప్పాడు. దీన్ని నాస్ అంటారు, ఇలాంటిదే కొట్టులో ఒకటుంది, రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి చూసుకుంటూ అచ్చం ఒకేలా ఉంటాయి, దాన్ని సింక్ అంటారు. కొట్టులో దొంగలు పడ్డా, నిప్పంటుకున్నా ఇంట్లోది ఉంటుంది. ఇంట్లోది పోతే కొట్టులోది. పెళ్ళంటే రెండోసారి తీయడానికి కుదిరేది కాదు కదా. కరెంటు పోయి వస్తే తనంతట తనే లేస్తుంది, నువ్వేం ముట్టుకోనక్కర్లేదు, ఎర్రదీపం వెలిగితే మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

లోవలక్ష్మి ఆ డబ్బాని బాగానే చూసుకుంది. ఒక్క దాంట్లోనే మాట వినేది కాదు. ఉరిమిందంటే చాలు, ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసేది. వాళ్ళ నాన్న ఇంట్లో పిడుగు పడి టీవీ మాడిపోయినప్పటి నుంచి పట్టుకున్న భయం. ఊరెళ్ళినా పీకేసేది. ముట్టుకోనక్కర్లేదన్నారని డబ్బా ప్లగ్గు ఒక్కటీ వదిలేసేది, దాని పక్కనే ఉండే వైఫైకి మాత్రం మొదట మోక్షం. పీకిన వైరు కాళ్ళకడ్డం పడకుండా చుట్టచుట్టి, పూలు కట్టుకునే అరటినారతో ముడేసి పక్కన పెట్టేది. వైఫై లేకపోతే ఫైళ్ళు రావు, ఫైళ్ళు రాకపోతే దీపాలు కొట్టుకోవు, దీపాలు కొట్టుకోకపోతే ఆమె బియ్యం కడగదు. వానాకాలంలో ఎన్నిసార్లో ఆయన తడిసి ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

"ఏమే, అన్నం?"

"దీపాలు కొట్టుకోలేదండి. మీరింకా కొట్టులోనే ఉన్నారనుకున్నాను."

"ప్లగ్గు పీకేసి దీపాలు కొట్టుకోలేదంటే ఎలాగే తల్లీ!"

ఇంకొక సంగతి కూడా ఆమెకి బాగా గుర్తు. నాలుగేళ్ళ కిందట ఒకరోజు ఆయన కొట్టులో పొరపాటున ఎవరిదో ఓణీల ఫంక్షన్ వీడియో డబ్బాలోంచి తీసేశాడు. పరవాలేదు, ఇంట్లో ఉందిగా అని బండి మీద పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లోనూ లేదు. మెట్ల మీద తల పట్టుకు కూర్చుని అన్నాడు. "నా చేత్తో నేనే చేశానే. అక్కడ తీసేసింది ఇక్కడ కూడా తీసెయ్యమని నేనే పెట్టాను. లేకపోతే చెత్తంతా చేరి డబ్బా నిండిపోతోందని. ఇది మన మాటే వింటుంది గానీ, ఇది పొరపాటా, కావాలని చేశారా అని అడగదు కదా." అదృష్టం కొద్దీ కెమెరా కార్డులో మిగిలింది. అయినా ఆ ఏర్పాటు మార్చలేదు. తీసేసేది నేనొక్కణ్ణే కదా, జాగ్రత్తగా ఉంటాను అన్నాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం జోగేశ్వరరావు కొట్టులోనే కుర్చీలో ఒరిగిపోయాడు. యాభై నాలుగేళ్ళు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

పంతులుగారు పంచాంగం చూసి ధనిష్ఠా నక్షత్రం అన్నారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, మనిషి ఉండకూడదు. లోవలక్ష్మి ఒప్పుకోలేదు. మనిషి ఎలాగూ పోయాడు, ఇంక ఇల్లు కూడానా అని అడిగింది. ఆమె జీవితంలో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పింది అదే మొదలు. బావగారు దొరబాబు కండువాతో కళ్ళు తుడుచుకుంటూనే, "ఊళ్ళో ఎవరికేమైనా మన మీదకొస్తుందమ్మా, నా మాట విను" అన్నాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక వరండాలో ఉన్న మెయిన్ ఆపేసి, తలుపులకి తాళం వేసి, అడ్డంగా ముళ్ళకంప పెట్టేశాడు. లోవలక్ష్మి రెండు బట్టలసంచులు పట్టుకుని మండపేట వచ్చి, స్టూడియో మేడమీద ఉన్న ఒక్క గదిలో చేరింది.

కొట్టు మూసెయ్యలేదు. పదకొండేళ్ళుగా అక్కడ వీడియో మిక్సింగ్ చేసే పావని, "ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఉన్నాయక్కా, నేను చూస్తాను" అంది. చూసింది కూడా.

లోవలక్ష్మిని ఆ ఆరు నెలలూ ఒక విషయం తొలిచేసింది. దినానికి పటం కట్టించడానికి వెతికితే ఆయన ఫోటో ఒక్కటి లేదు. వెయ్యి పెళ్ళిళ్ళు తీసిన మనిషికి చివరికి ఆధార్ కార్డులో మొహమే పెద్దది చేయించారు. అందులో ఎవరితోనో తగువుకెళ్ళినట్టుంటాడు. వాళ్ళ పెళ్ళి క్యాసెట్ ఎప్పుడో బూజుపట్టి పోయింది. ఆమెది మీటల ఫోను, అందులో గొంతు దాచుకునే వీలు లేదు. మొహం సరే, మనసులో ఉంది. గొంతు మాత్రం రోజురోజుకీ చెదిరిపోతోంది. "ఏమే లోవా" అని ఎలా అనేవాడో పొద్దున్న లేస్తూనే ఒకసారి మనసులో అనిపించుకుని చూసుకునేది. శ్రావణం వచ్చేసరికి ఆ పిలుపు ఆమె గొంతులాగే వినిపించడం మొదలుపెట్టింది. దానికి భయపడింది.

ఆ గొంతు ఎక్కడుందో ఆమెకి తెలుసు. పెళ్ళిలో కెమెరా వెనకాల నిలబడి ఆయన నోరు మూసుకునేవాడు కాదు. పెళ్ళివాళ్ళకిచ్చే వీడియోలో ఆ మాటలన్నీ కోసేసి పాటలు పెడతారు. కొయ్యకముందువి, రా ఫుటేజ్ అంటారు, వాటిల్లో ఉంటుంది. వాటిని పారేయడానికి ఆయనకి చేయి వచ్చేది కాదు. ఒక్కసారి వినిపించమని పావనిని అడగడానికి ఎన్నిసార్లో మెట్లు దిగింది. విన్నాక ఏమైపోతుందోనని మళ్ళీ ఎక్కేసేది.

ఇల్లు తెరిచే రోజు వచ్చింది. గురువారం పొద్దున్న పదింపావుకి ముహూర్తం. తోడికోడలు హైమవతి, బావగారు ముందే అక్కడికి వెళ్ళారు. ఆయన లేని ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టే ముందు ఆయన మాట ఒక్కటి వినాలనిపించింది లోవలక్ష్మికి. ఏడున్నరకి కిందకి దిగేసరికి పావని అప్పటికే కంప్యూటర్ ముందుంది.

"పావనీ, ఒకటడుగుతాను, నవ్వకు."

"నవ్వనక్కా, చెప్పండి."

"మీ మాస్టారు కెమెరా వెనకాల నుంచి మాట్లాడేవారు కదా, ఇటు చూడండి, అటు జరగండి అని. అవి ఉంటాయి కదూ?"

"ఎందుకుండవక్కా! గంటలు గంటలు ఆయన గొంతే. పెళ్ళిలో మా మాస్టారు మాట్లాడినంత పంతులుగారు కూడా మాట్లాడరు. మిక్సింగులో ఆయన మాటలు కోసీ కోసీ నా వేళ్ళరిగిపోయాయి."

"ఒక్క ముక్క వినిపించవా?"

పావని మౌస్ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "అయ్యో. అవి ఇక్కడ లేవక్కా. పన్నెండు రోజుల కిందట తీసేశాను. శ్రావణానికి పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం కదా, డబ్బా నిండిపోయి కొత్తవి పట్టలేదు. మీరేం బాధపడకండి, ఇంట్లో డబ్బాలో అన్నీ ఉన్నాయి. రెండు చోట్లా ఉంటాయి పావనీ, భయం లేదు అని మాస్టారు ఎప్పుడూ అనేవారు. ఇవాళ ఇల్లు తెరుస్తారు కదా, దానికి కరెంటు రాగానే నేను ఇక్కణ్ణించే లాక్కుంటాను."

లోవలక్ష్మికి మెట్ల మీద తల పట్టుకు కూర్చున్న మనిషి కళ్ళముందు కదిలాడు.

"ఇక్కడ పూర్తిగా తీసేశావా? చెత్తబుట్టలో కూడా లేవా?"

"అదీ ఖాళీ చేశానక్కా. చోటు కావాలి కదా మరి."

"ఈ డబ్బా వైరు ఏది?"

"ఎందుకక్కా? ఆ తెల్లది. అక్కా! అక్కా, అయ్యబాబోయ్, పీకెయ్యకండి, వీడియో రెండర్ తొంభై శాతం అయింది, పదకొండింటికి పెళ్ళివాళ్ళొస్తారు…"

అప్పటికే లోవలక్ష్మి తెల్లవైరు గోడలోంచి ఊడబెరికి చేత్తో పట్టుకు నిలబడింది.

"ఇంట్లోది ఇన్నాళ్ళూ పడుకునుంది పావనీ. దానికి మీ మాస్టారు పోయినట్టు కూడా తెలీదు. కరెంటు రాగానే లేచి, కొట్టులో ఏముందీ అని అడుగుతుంది. ఇక్కడ లేవంటే అక్కడ కూడా తీసేస్తుంది. అలా చెయ్యమని పెట్టింది ఆయనే. ఆ ఓణీల ఫంక్షన్ పోయింది అలాగే."

పావని మౌస్ వదిలేసింది. "నాకెప్పుడూ చెప్పలేదక్కా. తీసేసే పని నన్ను చెయ్యనిచ్చేవారు కాదు. నేను కొయ్యడమే గానీ…" అని, వెంటనే అంది. "అయితే ఇప్పుడు పీకేశాం కదా. ఇంక దానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పరు. ఏమీ కాదు. కరెంటు ఇంకా వెయ్యలేదు కదా?"

లోవలక్ష్మి దొరబాబుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. హైమవతికి చేసింది.

"అక్కా, బావగారేరీ?"

"నీళ్ళ కుళాయి దగ్గరున్నారమ్మా. మోటారేసి వాకిలంతా కడిగిస్తున్నారు. అబ్బబ్బ, ఎంత పాచి పట్టిందనుకున్నావు…"

"మోటారా? మెయిన్ ఎప్పుడు వేశారక్కా?"

"ఆరున్నరకే వేశారు. ఏం?"

గోడగడియారం ఏడూ నలభై చూపిస్తోంది. గంటా పది నిమిషాలు ఆ డబ్బా లేచి కూర్చునుంది. ఆ గంటా పది నిమిషాలూ కొట్టులో డబ్బా కూడా లేచే ఉంది.

"అక్కా, ముందుగదిలో గూట్లో నల్లడబ్బా ఉంటుంది, ఒక్కసారి లోపలికెళ్ళి…"

"లోపలికా? పంతులుగారు వచ్చి పుణ్యాహవచనం చేసేదాకా గడప దాటకూడదు కదమ్మా. కంప కూడా ఇంకా తియ్యలేదు."

"అయితే బావగారితో మెయిన్ ఆపెయ్యమనండి. ఇప్పుడే. మీకు పుణ్యముంటుంది."

ఫోన్‌లో హైమవతి కేక, తర్వాత దూరంగా దొరబాబు గొంతు వినిపించాయి. "సబ్బునీళ్ళు పోసి సగం కడిగాకా? కాళ్ళు జారి చస్తాం!" కాసేపటికి మోటారు చప్పుడు ఆగింది. లోవలక్ష్మి ఊపిరి పీల్చుకుంది గానీ, అది సగం ఊపిరే.

"పోవడానికి ఎంతసేపు పడుతుంది పావనీ?"

పావని నేల చూపులు చూసింది. "రావడానికి గంటలు పడుతుందక్కా. పోవడానికి నిమిషం చాలు. నెట్ ఆగిపోయుంటే బావుణ్ణు. ఆరు నెలలైంది కదా, ఎవరూ కట్టి ఉండరు…"

"ఏడాదికి ఒక్కసారే కట్టేస్తారు ఆయన. జనవరిలోనే కట్టేశారు."

పావని కొట్టుకి తాళం వేసి, తాళంచెవి పక్కకొట్టు టైలరు యెహెజ్కేలు చేతికిచ్చింది. "మావయ్యగారూ, పెళ్ళివాళ్ళొస్తే రేపు రమ్మనండి. మెషీను పాడైందని చెప్పండి." ఆయన కళ్ళజోడు పైకి తోసి, "ఆయ్, అలాగే. ఏ మెషీనని అడిగితే నా మెషీను చూపిస్తాను, వెళ్ళిరండమ్మా" అన్నాడు.

పావని స్కూటీ నడుపుతోంది. ల్యాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని లోవలక్ష్మి వెనకాల కూర్చుంది. ద్వారపూడి దాటాక మొక్కల లారీ ఒకటి ముందు పడింది. దాన్ని దాటడానికి దారి దొరకలేదు. లారీలో కొత్తగా తడిపిన మొక్కల నుంచి నీళ్ళు కారి ఇద్దరి మీదా చిందుతున్నాయి. లోవలక్ష్మికి అదేం తెలియలేదు. ఇల్లు పాడుపెట్టిన రోజుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఆ రోజు ప్లగ్గులు పీకిందా? ఫ్రిజ్ గుర్తుంది. అందులో ఆయన తెచ్చిన సొరకాయ సగం ముక్క ఉంది, అది తీసి పక్కింటి దొడ్లో ఆవుకి పెట్టింది. టీవీ కూడా కొంచెం గుర్తుంది. వైఫై? ఎంత వెతికినా ఆ చోట ఏమీ లేదు. ఎవరో రెండు చేతులూ పట్టుకుని నడిపించుకెళ్ళినట్టు గుమ్మం దాటడం, వీధిలో ఎండ, అంతే.

"అక్కా, ఏడుస్తున్నారా?"

"లేదమ్మా. మొక్కల నీళ్ళు."

పావని అంది. "పోతే నన్ను తిట్టండక్కా. తిట్టకుండా ఉండకండి."

"ముందు చూడనీ. తిట్టాల్సొస్తే ముందు ఆయన్నే తిట్టాలి."

ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. వాకిలి సగం తెల్లగా, సగం నల్లగా ఉంది. దొరబాబు తడిపంచె పైకి కట్టి కొబ్బరిచెట్టు కింద నిలబడ్డాడు.

"ఏమ్మా, వేస్తే తప్పు, తీస్తే తప్పు. ఏంటి సంగతి? షార్ట్ సర్క్యూటా?"

"కాదండీ బావగారూ. లోపల మీ తమ్ముడుగారి గొంతుంది. కరెంటు వస్తే పోతుంది."

దొరబాబు ఆమె మొహం చూశాడు. గబగబా వరండా ఎక్కి, మెయిన్ పెట్టె మూత వేసి దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కుర్చీలోంచి ముహూర్తం దాకా లేవలేదు.

పంతులుగారు తొమ్మిదిన్నరకి వచ్చారు. కంప తీశారు, తాళం తీశారు, గడప బయట పీట వేసి పుణ్యాహవచనం మొదలుపెట్టారు. ఆయనది తీరికైన గొంతు. ప్రతి మంత్రం చివరా ఒక గుక్క నీళ్ళు తాగినంత ఆగుతారు. తెరిచిన తలుపులోంచి చీకటిగా ముందుగది కనిపిస్తోంది. గూడు తలుపు వెనకాలకి ఉంటుంది, కనిపించదు. లోవలక్ష్మి చేతులు జోడించి కూర్చుంది. మనసు మాత్రం గడప దాటి, తలుపు చుట్టూ తిరిగి, గూటి దగ్గరికి వెళ్ళి, చూడలేక తిరిగొచ్చేస్తోంది.

"అమ్మా, అక్షతలు," అన్నారు పంతులుగారు మూడోసారి.

"ఇంకెంతసేపండీ?" అనేసింది లోవలక్ష్మి.

హైమవతి నాలిక కరుచుకుంది. పంతులుగారు కోప్పడలేదు. "ఆరు నెలలు ఆగావు కదమ్మా, ఇంకో పావుగంట" అన్నారు.

ఇల్లంతా నీళ్ళు చల్లడం అయింది. కుడికాలు ముందు పెట్టమని హైమవతి వెనకాల నుంచి గుర్తు చేసింది. లోవలక్ష్మి ఏ కాలు పెట్టిందో తనకే తెలియదు. మగ్గిన వాసన, బల్లుల వాసన, దానికింద ఎక్కడో ఆయన పూసుకునే నొప్పుల నూనె వాసన. ఆమె తలుపు చుట్టూ తిరిగి గూటి ముందు నిలబడింది. పావని ఫోన్ టార్చి వేసింది.

డబ్బా మీద దుమ్ము వేలిమందం పేరుకుంది. దాని పక్కన వైఫై. వైఫై పక్కన గూట్లోనే, చక్కగా చుట్టచుట్టిన నల్లవైరు, కొసన ప్లగ్గు. నడుముకి అరటినార ముడి.

లోవలక్ష్మి దాన్ని ముట్టుకుంది. నార ఎండిపోయి వేళ్ళలో పొడైంది. ముడి మాత్రం తనదే, రెండు చుట్లు తిప్పి మూడోది కిందనించి తీసే ముడి. ఏ క్షణంలో పీకిందో, ఎప్పుడు కట్టిందో ఇప్పటికీ గుర్తు రాలేదు. ఆ రోజు తలకేమీ తెలియకపోయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"అక్కా, ఇది పీకే ఉందంటే…" పావని టార్చి వైరు మీదకి దించింది. "ఇది లేచిందే గానీ, దీనికి కొట్టు కనపడలేదక్కా! అడగడానికి దారే లేదు!"

లోవలక్ష్మి గోడకి ఆనుకుని, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వచ్చిన దాన్ని ఆపుకోలేదు. హైమవతి పక్కన కూర్చుని వీపు రాస్తూ, ఏమైందో తెలియకపోయినా తనూ ఏడ్చింది.

"కళ్ళారా చూసేదాకా నమ్మను" అంది లోవలక్ష్మి చివరికి, ముక్కు తుడుచుకుని. "ఆ వైఫైది మాత్రం పెట్టకు. బావగారూ, ఇప్పుడు వెయ్యండి మెయిన్."

"నిజంగా వెయ్యమంటావా? మళ్ళీ తియ్యమనవు కదా?"

"వెయ్యండి."

డబ్బా ఒకసారి మూలిగి, దీపాలు వెలిగించుకుంది. పావని తన ల్యాప్‌టాప్‌కీ దానికీ మధ్య ఒక వైరు పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఏవేవో నొక్కింది. తెర మీద వరసగా సంచుల బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కదాని కింద పెళ్ళివాళ్ళ ఊరు, ఏడాది.

"ఉన్నాయక్కా. అన్నీ. సామర్లకోట, బిక్కవోలు, మండపేట, ఇదిగో ఏడేళ్ళవీ ఉన్నాయి."

"ఏదో ఒకటి వెయ్యి."

పావని సామర్లకోట పెళ్ళి ఒకటి నొక్కింది. తెర మీద షామియానా కింద జనం కదిలారు. ఎవరూ లేని వైపు నుంచి, ల్యాప్‌టాప్ లోపల్నుంచి, జోగేశ్వరరావు మాట్లాడాడు.

"బాబూ, ఆ పచ్చచొక్కాయన కొంచెం తప్పుకోండి. మీరు కాదండి, మీ పక్కాయన. మీరు అందంగానే ఉన్నారు, ఉండండి."

వరండాలో దొరబాబు చప్పున లేచి నిలబడ్డాడు. పంతులుగారు సంచీ సర్దుకోవడం ఆపారు. లోవలక్ష్మి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింటోంది. గొంతు తను అనుకున్న దానికంటే కొంచెం సన్నం. ఆ సన్నదనాన్నే మరిచిపోయింది. ఇంతలో ఆ వీడియోలోనే ఫోన్ మోగింది. కెమెరా ఆపకుండానే కిందకి దించేశాడు కాబోలు, తెర మీద ఎవరివో చెప్పులు, అరటాకుల కట్ట.

"ఆఁ, చెప్పవే… ఉరుముతోందా అక్కడ? ఇక్కడేం లేదు… ఏమే లోవా, నా మాట విను, ఆ ప్లగ్గు పీకకు… పీకేశావా?"

"పీకేశానండి" అంది లోవలక్ష్మి.

"సరే అయితే. నేనొచ్చేసరికి అన్నం ఉండదన్నమాట."

పావని నోరు నొక్కుకుంది. లోవలక్ష్మి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తెర వైపు చూసి అంది. "పీకబట్టే కదండీ ఇవాళ మీరు మిగిలారు."

దొరబాబు గుమ్మంలో నిలబడి ఇంకోసారి వెయ్యమన్నాడు. తర్వాత ఇంకోసారి. మూడోసారికి ఆయన కూడా పచ్చచొక్కాయన్ని చూసి నవ్వాడు. "పాలు పొంగించాలి, రండర్రా" అని వంటింట్లోంచి హైమవతి పిలిచేదాకా ఎవరూ కదల్లేదు.

"బావగారూ," అంది లోవలక్ష్మి లేస్తూ, "ఇల్లు మూయిస్తున్నారని ఆ రోజు మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. మూయించకపోతే నేను ఇక్కడే ఉండేదాన్ని, మర్నాడే ఆ ప్లగ్గు నా చేత్తోనే పెట్టేదాన్ని. పావని అక్కడ తీసేసిన రోజునే ఇక్కడా పోయుండేవి."

"నీకేం తెలుసమ్మా, నేను అందుకే మూయించాను" అన్నాడు దొరబాబు, తడిపంచె దులుపుకుంటూ.

ఆ తర్వాత లోవలక్ష్మి ఎవరి మాటా వినలేదు. ముందు వీటన్నిటినీ వేరే దాంట్లోకి తియ్యాలి, ఆ తర్వాతే కొట్టులో డబ్బాకి వైరు. పావని కడియంలో తెలిసినవాళ్ళ దగ్గర పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చి తగిలించింది. ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కడం మర్నాడు సాయంత్రానికి గానీ అవ్వలేదు. ఆ డిస్క్‌ని లోవలక్ష్మి పాత పట్టుచీరలో చుట్టి బీరువాలో పెట్టింది. పావని డబ్బాలో ఏర్పాటు మార్చింది. ఇకనుంచి ఒకచోట తీసేసినా రెండోచోట పోదు. కొట్టులో లేనివన్నీ ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళాలి. చోటు కోసం కొట్టులో పెద్ద డిస్కులు వేయిద్దాం, అప్పటిదాకా మాస్టారివే ముందు వెళ్ళనిద్దాం అంది. ప్రతి మార్పూ పైకి చదివి వినిపించింది. లోవలక్ష్మి సరేనన్నాకే నొక్కింది.

"మావయ్యగారూ, కొట్టు తలుపు తీసి ఆ తెల్లవైరు గోడకి పెట్టండి" అని యెహెజ్కేలుకి ఫోన్ చేసింది పావని.

"ఆయ్, తీశాను. ఇక్కడ తెల్లవి మూడున్నాయమ్మా."

"నల్లడబ్బా వెనకాలది."

"ఆఁ, పెట్టాను. దీపాలొస్తున్నాయి. పెళ్ళివాళ్ళు నిన్న వచ్చి నన్ను తిట్టి వెళ్ళారు, అది కూడా సింక్ చేసుకోండి."

లోవలక్ష్మి గూటి దగ్గరికి వెళ్ళి, వైఫై వైరు చుట్ట విప్పి, ప్లగ్గు తనే పెట్టింది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత డబ్బా మీద ఒక ఆకుపచ్చ దీపం కొట్టుకుంది. రెండోది. ఆ తర్వాత అన్నీ కలిసి చకచకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి, అచ్చం ఎప్పట్లాగే. బయట నర్సరీ కూలీలు పని ముగించి ఇళ్ళకి పోతున్నారు. ఎండ వాలింది.

లోవలక్ష్మి చెయ్యి ఆమెకంటే ముందు వంటింటి వైపు కదిలింది. మధ్యలో ఒక్క క్షణం ఆగింది. రోడ్డు మీద బండి రాదని తెలుసు. అయినా ఆ తెలియడం ఇవాళ నిన్నటంత పదునుగా గుచ్చుకోలేదు. బియ్యం డబ్బా తీసి కొలిచింది, ఒక గిద్దె ఎక్కువే పోసింది.

"పావనీ, చీకటి పడకముందే తిని వెళ్దువుగాని. ముప్పావుగంటలో అయిపోతుంది."